వదులు ఒకచోట, బిగింపు ఒకచోట

"ప్రాణానికి భయం లేదు" అని డాక్టరు చెప్పి వెళ్ళాక కూడా ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకోలేదు. తండ్రి తలకు కట్టుతో లోపల మందు మత్తులో నిద్రపోతున్నాడు. మెలకువ రావడమే తరువాయి అన్నారు. గండం గడిచింది. ఇంకెవరైనా అయితే ఈపాటికి మొగుడి భుజం మీద తల వాల్చి కరువుతీరా ఏడ్చేవాళ్ళు. ఆ మొగుడు అదే ఆస్పత్రి వరండాలో అటు చివర కూర్చున్నాడు, భుజానికి కట్టుతో, పక్కన ఒక కానిస్టేబులుతో. ఈమె ఇటు చివర కూర్చుంది. ఇద్దరి మధ్యా అన్నీ ఖాళీ కుర్చీలే.

వరండాలోకి అడుగు పెడుతూనే పిన్ని ఆ ఖాళీ కుర్చీలను చూసింది. సగం కేసు అక్కడే అర్థమైపోయింది.

ఆవిడ ఎవరికీ సొంత పిన్ని కాదు. చాలాకాలం డ్రైవింగ్ స్కూలు నడిపింది. పక్క సీట్లో కూర్చుని ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది. మనిషి నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు గానీ చేతులతో ఆడలేడన్న సంగతి ఆ సీట్లోనే తెలుసుకుంది. మోకాళ్ళు మొరాయించాక స్కూలు మూసేసి, అదే బోర్డును వెనక్కి తిప్పి దాని మీద 'డిటెక్టివ్' అని రాయించింది. ఇప్పుడు దొంగలు కూడా ఆవిడను పిన్ని అనే పిలుస్తారు.

"పిన్నీ, నాకు తెలియాల్సింది ఒక్కటే," అంది అమ్మాయి. ఆమె తండ్రి గడియారాల మరమ్మతులో పేరుమోసినవాడు. ఆయన కొట్టును ఇప్పుడు ఆమే చూసుకుంటోంది. "మా ఆయన మా నాన్నని చంపాలనుకున్నారా, లేదా. లేదంటే వెళ్ళి ఆయన పక్కన కూర్చుంటాను. అవునంటే మాత్రం ఈ జన్మలో ఆ మొహం చూడను. మధ్యలో ఇలా వేలాడటం నా వల్ల కావట్లేదు."

"తేలుద్దాంలే తల్లీ. ముందు కాసిని మంచినీళ్ళు తాగు."

ఇంతలో బూట్ల చప్పుడు వినిపించింది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. తెలివైనవాడే. ఆ సంగతి అందరికంటే ముందు తనకే తెలియడం ఒక్కటే అతనితో వచ్చిన చిక్కు.

"మీరొచ్చారా పిన్నిగారూ. అయితే తేలిపోయే కేసు కూడా నానుతుంది."

"నీకు క్లచ్చి వదలడం నేర్పడానికి నెల పట్టింది నాయనా. నేనేమన్నా అన్నానా?"

కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టరు ఆ మాట విననట్టే కుర్చీ లాక్కున్నాడు.

"సాయంత్రంలోగా అరెస్టు చేస్తున్నాను. ఎందుకో కూడా వినండి. మొన్న మామా అల్లుళ్ళు పెద్ద గొంతులతో పోట్లాడుకున్నారు. 'ఇకమీదట ఆ స్టీరింగ్ ముట్టుకుంటే నేను ఊరుకోను' అని అల్లుడు. 'నా కారు స్టీరింగ్ నీ చేతికిచ్చిన రోజు నేను పోయినట్టే లెక్క' అని మామ. పక్కింటావిడ గోడ అవతల నుంచి చెవులారా వింది. నిన్న పొద్దున అదే కారు. అల్లుడు తోలాడు, మామ పక్కన కూర్చున్నాడు. బైపాస్ మీద కల్వర్టు గోడకు కొట్టాడు. తగిలింది ఏ వైపు? మామ కూర్చున్న ఎడమ వైపు. అల్లుడికి భుజం బెణికింది, ముసలాయనకి తల పగిలింది."

"తర్వాత?"

"వెనకాల వస్తున్న లారీ డ్రైవరు కళ్ళారా చూశాడు. కారు అటూ ఇటూ ఊగిందట. ముసలాయన పక్కకి ఒంగి స్టీరింగ్ పట్టుకుని లాగుతున్నాడట. ప్రాణభయంతో పెనుగులాట. చాలదంటారా? బానెట్ ఎత్తి చూశాను. స్టీరింగ్ బాక్సు మీది నట్టుకి కొత్త రెంచీ గీతలున్నాయి. ముందే వదులు చేసి పెట్టుకున్నాడు."

పిన్ని తలాడించింది. గాల్లోంచి లాగిన సాక్ష్యాలేమీ కావు, గట్టివే. అయినా ఒక్క ముల్లు మిగిలింది.

"కన్నకూతురికి కూడా ఏనాడూ ఇవ్వని స్టీరింగ్, పోట్లాడుకున్న మర్నాడే అల్లుడికి ఎందుకిచ్చాడయ్యా?"

"బలవంతం చేసి ఉంటాడు."

"నీ మొహం. ఆ పెద్దమనిషిని బలవంతపెట్టేవాడు ఇంకా పుట్టలేదు."

ఆవిడ లేచి అటు చివరికి నడిచింది. అల్లుడు పళ్ళ డాక్టరు. మెత్తని మనిషి, మాట్లాడితే ఎదుటివాళ్ళ పన్ను నొప్పి పుడుతుందేమో అన్నట్టు మాట్లాడతాడు. పిన్ని దారిలో నర్సు బల్ల మీదున్న స్టీలు పళ్ళెం ఒకటి అందుకుంది. దాన్ని అతని చేతుల్లో పెట్టి, పక్క కుర్చీలో పాత అలవాటు ప్రకారం కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఇదే స్టీరింగ్ బాబూ. ఎదురుగా బైపాస్. తోలు."

అతను తెల్లబోయి చూశాడు. కానీ పిన్ని గొంతులో ఏదో ఉంది. అది వింటే ఎవరైనా తోలాల్సిందే. అతను పళ్ళాన్ని పట్టుకున్నాడు. మొదట చేతులు కదల్లేదు. బిగువైన కొత్త కారుకు అలవాటు పడ్డ చేతులవి. తర్వాత పళ్ళెం కాస్త ఎడమకు జారింది. అతను కుడికి తిప్పబోయాడు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి, భుజం నొప్పికి పళ్ళు కరచుకున్నాడు. పళ్ళెం కదలలేదు. మళ్ళీ లాగాడు. ఒక్కసారిగా అవసరానికి మించి తిరిగింది. కంగారుగా ఇటు లాగాడు. అతని నుదుటి మీద చెమట పట్టింది. ఆ పళ్ళెం బరువు చిన్నపిల్లలు కూడా మోయగలరు.

"స్టీరింగ్ ఎలా ఉంది? వదులుగా ఉందా?"

"ఆ, వదులేనండీ. పాత కారు కదా."

"వదులైనదాన్ని తిప్పడానికి ఇంత బలం దేనికి?"

అతను పళ్ళాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. "నాదే తప్పండీ. నాకు చేతకాలేదు. అలాగే రాసుకోమనండి."

"ఎక్కడికి బయల్దేరారు ఇద్దరూ?"

"ఊరికే. అలా తిరిగొద్దామని."

"మొన్న కొట్టుకున్నంత పని చేసి, నిన్న షికారా?"

అతని చూపు ఖాళీ కుర్చీల మీదుగా భార్య దాకా వెళ్ళి, అక్కడ నిలబడలేక నేలమీద పడింది. వీడేదో దాస్తున్నాడు అనుకుంది పిన్ని. అయితే నేరం దాచేవాడు నేరం ఎదుటివాడి మీదకు నెడతాడు. నెత్తిన వేసుకుని తిరగడు.

"కారు చూపించు," అంది ఇన్‌స్పెక్టరుతో.

కారును ఒక షెడ్డులో పెట్టారు. ముదురాకుపచ్చ రంగు, పాతకాలపు బండి. ఎడమ ముందుభాగం నలిపి పారేసిన కాగితంలా ఉంది. కుడివైపు మాత్రం చెక్కు చెదరలేదు. షెడ్డు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చి, పోలీసు కేసు బండిని ముట్టుకోనని భీష్మించుకున్నాడు. ఇన్‌స్పెక్టరు కానీమన్నట్టు చెయ్యి ఊపాడు.

పిన్ని ముందుగా నాలుగు టైర్ల చుట్టూ తిరిగింది. పగిలిన ఒక్కటి తప్ప మిగతా వాటిలో గాలి బాగానే ఉంది. "బండి రోడ్డు మీద తిన్నగా పోవట్లేదంటే మొదట చూడాల్సింది గాలి. అది దోషి కాదు. ఇక నువ్వు ఎక్కు."

"నేనా?"

"ఎక్కి స్టీరింగ్‌ని ఇటు కొంచెం, అటు కొంచెం ఆడించు. చక్రాలు కదిలీ కదలనట్టుండాలి. అంత సన్నంగా."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బుద్ధిగా ఎక్కాడు. పిన్ని మోకాళ్ళను తిట్టుకుంటూ గోనెపట్టా మీద పడుకుని బండి కిందికి దూరింది. టార్చి వేసి చూసింది. స్టీరింగ్ కదిలినప్పుడల్లా అడుగున ఉన్న కడ్డీ కదులుతోంది. ఆ కడ్డీని కుడి చక్రానికి కలిపే కీలు దగ్గర మాత్రం, కడ్డీ ముందు కదిలి, కాసేపాగి 'టక్' మని చప్పుడయ్యాక గానీ చక్రం కదలడం లేదు.

"ఇదిగో అసలు వదులు," అని కింద నుంచే అరిచింది. "టై రాడ్ కీలు అరిగిపోయింది. దీని చుట్టూ పేరుకున్న మట్టి చూస్తే ఏళ్ళ తరబడి ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఈ కారు పడవలా ఊగేది దీనివల్ల. ఇది నిన్నటి జబ్బు కాదయ్యా."

"మరి పైనున్న నట్టు సంగతేంటి?"

పిన్ని బయటికొచ్చి చీర దులుపుకుని బానెట్ కింద తల పెట్టింది. డ్రైవరు వైపునే ఉంది స్టీరింగ్ బాక్సు. దాని నెత్తిన స్టీరింగ్ బిగువును సర్దే ఒక మర, దాన్ని కదలకుండా పట్టుకునే నట్టు. నట్టు మీద కొత్త గీతలున్న మాట నిజమే.

"ఇన్‌స్పెక్టరూ, మరను వదులు చేస్తే ఏమవుతుంది? పైకొస్తుంది. ఇన్నాళ్ళూ లోపల దాక్కున్న ముక్క బయటపడి తళతళలాడాలి. ఏదీ, ఎక్కడైనా మెరుస్తోందా? నట్టు అంచు దాకా నల్లటి మడ్డే ఉంది. అంటే మడ్డి పట్టిన భాగమే లోపలికి దిగింది. దీన్నెవరూ వదులు చెయ్యలేదు. బిగించారు."

ఇన్‌స్పెక్టరు ఒంగి చూశాడు. ఇంకా ఒంగి చూశాడు. మేస్త్రీ కూడా చూసి, "బిగించిందేనండీ" అని ఒప్పుకున్నాడు. పిన్ని చెప్పినట్టే స్టీరింగ్ బాక్సుకూ చక్రాలకూ ఉన్న లంకె విప్పేశాడు. ఇప్పుడు స్టీరింగ్ తిప్పితే బాక్సు ఒక్కటే తిరగాలి, ఇంకే బరువూ ఉండదు. ఇన్‌స్పెక్టరు ఒక చివర నుంచి మెల్లగా తిప్పుకుంటూ వచ్చాడు. వెన్నలా తిరిగింది. సరిగ్గా తిన్నగా వెళ్ళే చోటికి వచ్చేసరికి ఆగిపోయింది.

"పట్టేసింది," అన్నాడు.

"బలం పెట్టు."

పెట్టాడు. స్టీరింగ్ ఒక్కసారిగా జారి చాలా దూరం తిరిగిపోయింది. అతని ముఖం మారింది.

"ఇప్పుడర్థమైందా ఆ ఊపుడు? బండి కాస్త ఎడమకి జరిగింది. అతను తిప్పబోతే రాలేదు. గట్టిగా లాగితే ఎక్కువొచ్చింది. మళ్ళీ ఇటు లాగాడు. పైపెచ్చు ఆ కీలు వదులు. ముసలాయన ఒంగి లాగింది అల్లుడి చేతుల్లోంచి లాక్కోడానికి కాదు, ఇద్దరూ కలిసి ఒకే వైపు లాగారు. లాగబట్టే గోడకి పక్కగా తగిలింది. లేకపోతే కల్వర్టు దాటి కాలవలో ఉండేవాళ్ళు. కదిలే పన్ను ఒకటైతే పక్క పన్నుకి కట్టు కట్టారు, అదీ జరిగింది."

"సరే, బిగించాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "చంపాలనుకున్నవాడు బిగించకూడదని ఎక్కడుంది?"

"బిగిస్తే ప్రమాదమని తెలిసినవాడు తనే ఎక్కి తోలతాడా? ఇంకోటి చూడు. మర తలమీది గాడిలో ఒక్క గీత లేదు. సరిగ్గా దానికి సరిపోయే పనిముట్టు పెట్టి, జారకుండా తిప్పిన చెయ్యి ఇది. మీ పళ్ళ డాక్టరు గోడకి మేకు కొడితే మేకు తప్ప అన్నీ వంగుతాయని వాళ్ళావిడే చెప్పింది."

మాట్లాడుతూనే పిన్ని టార్చిని బాక్సు కిందికి తిప్పింది. ఇనుప అంచు మీద ఏదో గుండ్రంగా మెరిసింది. రెండు వేళ్ళతో పైకి తీసింది. కంటికి తగిలించుకునే చిన్న భూతద్దం. తలకు పట్టి ఉండేలా దానికి సన్నటి తీగ ఉంది. గడియారాలు విప్పేవాళ్ళు వాడేది.

ఇన్‌స్పెక్టరు టార్చి అందుకుని దాని మీద వేశాడు.

"అంటే ముసలాయన తన చేత్తో తనే..." అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"జీవితమంతా ఏది వదులైనా ఓ మర బిగించి బాగుచేసిన మనిషి. నా కారు ఊగుతుందంటావా అని పౌరుషమొచ్చి ఉంటుంది. అల్లుడి ముందు పరువు కోసం తెల్లారకుండానే వచ్చి బిగించేశాడు. గడియారానికైతే సరిపోయేది."

పిన్నికి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు గుండెల మీంచి బండరాయి దింపినట్టయింది. ఇంతసేపూ పైకి ధీమాగా తిరిగింది గానీ, అల్లుడే చేశాడని తేలితే ఆ పిల్లకి ఏ ముఖంతో చెప్పాలా అని లోపల నలిగిపోతూనే ఉంది.

ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకుంటూ గొంతు సవరించుకున్నాడు. "నిజం చెప్పాలంటే నాకూ హాయిగానే ఉంది. నా దవడ పన్ను ఆ పళ్ళ డాక్టరు దగ్గరే సగంలో ఉంది. లాకప్పులో పెట్టాక నోరు తెరవాలంటే ఎలాగా అని చూస్తున్నాను."

జీపులో తిరిగి వస్తూ పిన్ని భూతద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అంత పేరుమోసిన పనివాడు. మర ఎక్కడ ఆపాలో ఆయన వేళ్ళకు తెలియకపోవడమేమిటి? తీగ కూడా ఎందుకో ఎడమ పక్కకు వంచి ఉంది. ఆ వంపు కొత్తగా కనిపించింది.

ఆస్పత్రి వరండాలో విషయమంతా విన్న అమ్మాయి లేచింది. ఆ ఖాళీ కుర్చీల వరుస దాటుకుంటూ వెళ్ళి భర్త పక్కన కూలబడింది. అతని మంచి భుజానికి తల ఆనించి, నిన్నటి నుంచీ దాచుకున్నదంతా ఏడ్చేసింది. కానిస్టేబులు ఎవరూ చెప్పకుండానే లేచి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

"నాన్నే బిగించాడని మీకు తెలుసా?" అంది కాసేపటికి.

"కారెక్కగానే చెప్పారు. ఎంత బిగువుగా చేశానో చూడు అని మురిసిపోయారు." అతను కళ్ళు తుడుచుకున్నాడు. "ఆయన చేతులే ఇంత పని చేశాయని నేనెలా చెప్పను? ఆయనకున్న గర్వమంతా ఆ చేతులే కదా. నాకు తోలడం రాదంటే పోయేదేముంది అనుకున్నా. చంపబోయాననే దాకా వెళ్తుందని కలగన్నానా?"

"పిచ్చి మారాజు," అంది ఆమె, అతని చేతి మీద చిన్నగా కొట్టి. పిన్ని చేతిలోని భూతద్దం అప్పుడే ఆమె కంటపడింది. తీసుకుని చూసి నొసలు ముడిచింది. "ఇదేంటి, తీగ ఎడమ కంటికి వంచి ఉంది? నాన్న కుడి కంటికి కదా పెట్టుకుంటాడు. నేను పుట్టినప్పట్నుంచీ కుడి కన్నే."

పళ్ళ డాక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బాబూ," అంది పిన్ని మెల్లగా, "ఎక్కడికి బయల్దేరారని పొద్దున అడిగాను. ఇప్పుడైనా చెప్తావా?"

అతను నోరు తెరిచేలోగా నర్సు తలుపు తీసింది. పెద్దాయనకు మెలకువ వచ్చింది.

అందరూ లోపలికి వెళ్ళారు. అమ్మాయి పరుగులాంటి నడకతో వెళ్ళి తండ్రి కుడిచేతి వైపు, ఆయన తలకు దగ్గరగా నిలబడింది. మంచం కమ్మీ పట్టుకుంది. అల్లుడు అటువైపుకు, ఎడమ పక్కకు వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే ఆగాడు.

పెద్దాయన తల కదపకుండా అల్లుడి వైపు చూశాడు.

"నీకేం కాలేదు కదా నాయనా?"

"లేదు మావయ్యగారూ. మీరు మాట్లాడకండి."

"ముందే చెప్పావు, నువ్వు చెప్పినట్టు విని ఆటోలో పోయినా సరిపోయేది." ఆయన కాస్త ఊపిరి తీసుకున్నాడు. "అమ్మాయితో ఏం చెప్పలేదుగా?"

అల్లుడు మంచానికి అవతల నిలబడ్డ భార్యను చూశాడు.

"చెప్పకు. కంటి డాక్టరు చూసి ఏదో ఒకటి తేల్చాక నేనే చెప్పుకుంటాను. ఇప్పుడే చెప్తే బెంగపెట్టుకుంటుంది." ఆయన చూపు ఆ పక్కనే, ఆ సగం గదిలోనే వెతికింది. "ఇంతకీ అమ్మాయేది నాయనా? రాలేదా?"

ఆమె ఆయనకు జానెడు దూరంలో ఉంది. ఆయన కుడి కన్ను తెరుచుకునే ఉంది, ఆమె ముఖం మీదుగా ఎటో చూస్తోంది.

ఇక ఎవరూ ఏదీ విడమర్చి చెప్పక్కర్లేదు. 'ఆ స్టీరింగ్ ముట్టుకుంటే ఊరుకోను' అని అల్లుడు ఎందుకు అరిచాడో, అంత పౌరుషవంతుడు స్టీరింగ్ ఎందుకు వదిలాడో, ఆ మర అంత లోతుకు ఎందుకు దిగిందో అందరికీ తెలిసిపోయింది. ఇన్‌స్పెక్టరు తలుపు పక్కకు తప్పుకుని టోపీ తీశాడు. పిన్ని పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మాయి చప్పుడు కాకుండా మంచం కాళ్ళవైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చింది. భర్త పక్కన నిలబడి తండ్రి చెయ్యి అందుకుంది.

"వచ్చాను నాన్నా. ఇక్కడే ఉన్నాను."

"ఎప్పుడొచ్చావే?"

"ఇందాకే." ఆమె ముఖంలో నవ్వు నిలిపింది. "కంటి డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. నీ కారులోనే. నేనే తోలతాను."

పెద్దాయన కూతుర్ని చూశాడు, అల్లుణ్ణి చూశాడు, ఏం బయటపడిందో గ్రహించాడు. కాసేపు పంతంగా పెదవులు బిగించాడు. ఆ తర్వాత కూతురి చేతిని వదలకుండానే అన్నాడు:

"అయితే ముందు స్టీరింగ్ బాక్సు మీది మర కాస్త వెనక్కి తిప్పించు. ఎక్కువ బిగించేసినట్టున్నాను. సరిగా కనపడలేదు."